ముందు దిగే లెక్క

కార్తీకం వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి, వనభోజనాలు ఎప్పుడు అని. రెండోది, ఈసారైనా తలకోన జలపాతానికి పోదామా అని. మా ఇంట్లో ఈ రెండో మాట ఏటా మా అబ్బాయే ఎత్తుతాడు. వాడు అడగటంలో తప్పేమీ లేదు. మన తిరుపతి వైపుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఈశాన్య రుతుపవనాలు కొండల్ని తడిపి వెళ్తాయి. అప్పుడు శేషాచలం కొండల్లో ప్రతి వంకకూ ప్రాణం వస్తుంది. తిరుపతిలో కపిలతీర్థం దగ్గర ధార దూకటం మొదలైందంటే, తలకోనలోనూ నీళ్ళు బాగా ఉన్నాయని జనం లెక్కేసుకుంటారు.

తెలంగాణలో వింటున్నవాళ్ళకు ఈ లెక్క వేరు. అక్కడ నైరుతి వానలది పెత్తనం. ములుగు జిల్లాలో బొగత జలపాతం చూడాలంటే జులై, ఆగస్టు, సెప్టెంబరు. అంటే ఒకరికి వానాకాలం చివర, ఇంకొకరికి నడుమ. ఎవరి వాన వాళ్ళది. కానీ ఇవాళ నేను చెప్పబోయే సంగతి మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆ సంగతి ఇది. అడవిలో జలపాతం చూడటానికి వెళ్ళేటప్పుడు, ఎన్ని గంటలకు బయల్దేరాలి అని కాదు మొదట అడగాల్సింది. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి అని అడగాలి. ఆ వేళను ముందుగా ఖాయం చేసుకోవాలి. దానికి నేను పెట్టుకున్న పేరు తిరుగు వేళ. మళ్ళీ చెప్తున్నాను. తిరుగు వేళ. ఇవాళ్టి ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఇదేదో కొత్త విద్య కాదండీ. మన ఇళ్ళల్లో రోజూ చేసేదే. రేపు పొద్దున దోసెలు తినాలి. మరి మినప్పప్పు ఎప్పుడు నానబోయాలి? ఇవాళ మధ్యాహ్నం. రుబ్బటం ఎప్పుడు? సాయంత్రం. పిండి పులియటానికి రాత్రంతా కావాలి. ఏ ఇల్లాలైనా దోసె దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తుంది. పప్పు నానబోసి, ఎప్పటికి దోసెలవుతాయో చూద్దాం లే అనుకోదు.

పెళ్ళి కూడా అంతే. ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకి అనుకోండి. అక్కణ్ణించి వెనక్కి వస్తారు. గౌరీపూజ ఎన్నింటికి, పెళ్ళికూతురి అలంకారం ఎన్నింటికి, మగపెళ్ళివారి బస్సు ఎన్నింటికి బయల్దేరాలి. ముహూర్తం కదలదు. మిగతావన్నీ దానికోసం కదులుతాయి.

అడవిలో మన ముహూర్తం సూర్యాస్తమయం. అది కదలదు. మనమే కదలాలి.

ఈ సంగతి నాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. తలకోనలోనే నేర్చుకున్నాను. కొంచెం సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట మా అక్కావాళ్ళూ మేమూ కలిసి వెళ్ళాం. రెండు కార్లు, ఐదుగురు పిల్లలు. పొద్దున తిరుపతిలో తీరిగ్గా టిఫిన్లు చేశాం. మా బావగారికి ఇంకో కాఫీ కావాలన్నారు, తాగాం. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దండం పెట్టుకుని నడక మొదలుపెట్టేసరికి పన్నెండు దాటింది. పిల్లలు ప్రతి రాయి దగ్గరా ఆగారు. ప్రతి కోతినీ పలకరించారు. నీళ్ళ దగ్గరికి చేరాక ఇక చెప్పేదేముంది. పెద్దవాళ్ళమే పిల్లలమైపోయాం. మా అక్క టైమెంతయిందని అడిగితే, ఇంకా చాలా ఉందిలే అని నేనే అన్నాను. గడియారం చూడకుండానే అన్నాను.

దిగుతుంటే వెలుగు పోయింది. మెల్లగా పోలేదు. ఎవరో గదిలో దీపం తీసేసినట్టు పోయింది. తడి రాళ్ళు, ఏడుస్తున్న పిల్లలు, రెండు ఫోన్లలో మిణుకుమిణుకుమంటున్న లైట్లు. మా బావగారి కాలు జారి మోకాలు చిట్లింది. గంటలో దిగుతామనుకున్న దారి రెండు గంటలకు పైగా పట్టింది. కింద అడవిశాఖ వాచరు ఒకాయన లాంతరు లాంటి పెద్ద టార్చి పట్టుకుని ఎదురొచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నవ్వుతూ ఒక్క మాటన్నాడు. "ఎక్కేదానికి అందరూ టయిము పెట్టుకుంటారు సార్. దిగేదానికి ఎవురూ పెట్టుకోరు."

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

సరే. ఇప్పుడు తలకోననే ఉదాహరణగా పెట్టుకుని, ఆ దిగే లెక్క ఎలా వేయాలో చూద్దాం. కాగితం, పెన్ను అక్కర్లేదు. చెవి ఇటు పెడితే చాలు.

నవంబరులో మన తిరుపతి దగ్గర సూర్యుడు ఐదున్నర దాటగానే అస్తమిస్తాడు. ఐదున్నరే అనుకుందాం. కానీ అది మైదానంలో. కోన లోపల అలా ఉండదు. కోన అంటేనే కొండల నడుమ లోతట్టు. పడమటి కొండ అంచు సూర్యుణ్ణి ముందే మింగేస్తుంది. పైన చెట్ల గుబురు. తలకోనలో గిల్లతీగలు చూశారా? ఏనుగు తొండమంత లావున, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకి, ఆకాశానికి తడక కట్టినట్టు ఉంటాయి. ఆ తీగ కాయ చూస్తే ఆశ్చర్యపోతారు. చిక్కుడుకాయను మూరకు మించి సాగదీసినట్టుంటుంది. ఆ గుబురు కింద బయట వెలుగున్నా లోపల మసకే. అందుకని ఒక గంట తీసేద్దాం. నాలుగున్నర. అడవిలో వెలుగు నాలుగున్నర దాకానే ఉందనుకోవాలి.

ఇంకో గంట తీయాలి. ఇది దేనికి? ఎవరి కాలైనా బెణకొచ్చు. ఎవరి చెప్పైనా తెగొచ్చు. ఒక పిల్లవాడు నడవనని మొండికేయొచ్చు. ఇంట్లో బియ్యం డబ్బాలో అడుగున ఒక డబ్బా బియ్యం ఎప్పుడూ ఉంచుకుంటాం చూడండి, చుట్టాలొస్తారేమో అని. ఈ గంట అలాంటిది. నాలుగున్నరలోంచి గంట తీస్తే మూడున్నర. అంటే మూడున్నరకల్లా మనం గుడి దగ్గర, బండి దగ్గర ఉండాలి.

ఇప్పుడు దిగటానికి ఎంతసేపు? గుడి నుంచి ధార దగ్గరికి దూరం మరీ ఎక్కువేం కాదు. కానీ పిల్లలతో, పెద్దవాళ్ళతో, చుట్టుపక్కల వంకలూ చూసుకుంటూ నడిస్తే ఒకవైపుకే రెండు గంటలు అనుకుందాం. దిగటం తేలికే కదా, గంట చాలదా అంటారు. చాలదు. తడి రాతి మీద, పాచి మీద, అలిసిన కాళ్ళతో దిగటం ఎక్కటం కన్నా కష్టం. ఎక్కేటప్పుడు గుండె అలుస్తుంది, కూర్చుంటే తీరుతుంది. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతాయి, అక్కడే పడేది. అందుకని ఎక్కటానికి ఎంతో దిగటానికీ అంతే పెట్టుకోండి. మూడున్నరలోంచి రెండు గంటలు తీస్తే ఒంటిగంటన్నర.

అదీ మన తిరుగు వేళ. ఒంటిగంటన్నర. ఆ వేళకు ఎక్కడున్నా సరే, జలపాతం ఎదురుగా కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి.

ఇక వెనక్కి వద్దాం. నీళ్ళ దగ్గర రెండు గంటలు గడపాలనుంది. అంటే పదకొండున్నరకి అక్కడికి చేరాలి. గుడి దగ్గర తొమ్మిదిన్నరకు నడక మొదలవ్వాలి. తిరుపతి నుంచి తలకోన సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి మీదుగా, భాకరాపేట ఘాటు ఎక్కి, నెరబైలు దాటి వెళ్ళాలి. ఘాటు మలుపులున్నాయి, అడవి రోడ్డుంది. రెండు గంటలు పెట్టండి. ఏడున్నర. దారిలో టిఫినుకి అరగంట. ఏడు. చూశారా? ఏడుకల్లా తిరుపతిలో బండి కదలాలి. మా బావగారి రెండో కాఫీకి ఈ లెక్కలో చోటు లేదు. కావాలంటే ఫ్లాస్కులో పోసుకోవచ్చు.

ఈ లెక్కలు మొదట మనవాళ్ళే వేశారని కాదు. స్కాట్లండులో విలియం నైస్మిత్ అని ఒక పర్వతారోహకుడుండేవాడు. 1892లో ఆయన ఒక సులువైన సూత్రం చెప్పాడు. చదును దారిలో ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. మన కొలతల్లో దాదాపు 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకి గంట. ఇప్పటికీ కొండలెక్కేవాళ్ళు ఆ లెక్క వాడతారు. కాకపోతే అది గట్టి కాళ్ళవాళ్ళ లెక్క. అందులో ఫోటోలకు ఆగటం లేదు. పులిహోర పొట్లం విప్పటం లేదు. మన కుటుంబాలతో అడవి దారిలో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్పే.

ఒకవేళ ఆలస్యంగా బయల్దేరాం. టైరు పంచరైంది. గుడి దగ్గర పదకొండున్నర అయింది. అప్పుడేం చేయాలి? ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఆలస్యమైన రెండు గంటల్ని చివర్లో కలుపుతాం. తిరుగు వేళను మూడున్నరకు జరుపుతాం. అది కుదరదండీ. ఆఖరి బస్సు మనకోసం ఆగదు కదా. కోత పడాల్సింది నీళ్ళ దగ్గర గడిపే సమయానికి. అక్కడికి చేరగానే తిరుగు వేళ వచ్చేస్తే, ముఖం కడుక్కుని తిరగండి. సగం దారిలోనే వస్తే సగం దారిలోనే తిరగండి. జలపాతం ఎక్కడికీ పోదు. 270 అడుగుల ఎత్తు నుంచి ఎన్నాళ్ళనుంచి దూకుతోందో, వచ్చే ఆదివారమూ దూకుతుంది.

వేళకి ఏ లెక్కో, నీళ్ళకీ అదే లెక్క. ఏమిటండీ, జలపాతానికి పోతూ నీళ్ళు మోసుకెళ్ళటమా అని నవ్వకండి. ఆ నీళ్ళు చూడటానికి. పైన పశువులు తిరుగుతాయి, ఆకులు కుళ్ళుతాయి. మూలికల మీంచి వచ్చిన నీళ్ళు, తాగితే రోగాలు పోతాయి అనే మాట తలకోనలో వింటారు. నమ్మకం నమ్మకమే. దండం పెట్టుకుని తల మీద చల్లుకోండి. తాగటానికి మాత్రం ఇంటి నీళ్ళు. మనిషికి రెండు లీటర్లు. అందులో సగం తిరుగు వేళ దాకా. మిగతా సగం దిగటానికి. ఎక్కేటప్పుడే సీసా ఖాళీ అయిందంటే, మీ తిరుగు వేళ గడియారంలో రాకముందే సీసాలో వచ్చిందని అర్థం. అక్కడే తిరగండి.

ఓపిక కూడా అంతే. మీ బృందంలో అందరికన్నా మెల్లగా నడిచేవారు ఎవరో చూడండి. మీ అత్తగారు కావచ్చు, ఆరేళ్ళ పిల్ల కావచ్చు. ఆవిడ ఓపిక సగం అయిపోతే, మీ అందరి ఓపికా సగం అయిపోయినట్టే. ముందు నడిచే కుర్రాడి ఉషారు లెక్కలోకి రాదు. ఎడ్లబండి ఎప్పుడూ బక్క ఎద్దు నడకే నడుస్తుంది.

వెలుగు, నీళ్ళు, ఓపిక. ఈ మూడింట్లో సగం దిగటానికి దాచుకోవాలి.

ఇక తిండి. ఇది ఎక్కువ చెప్పక్కర్లేదు, మనవాళ్ళకు తిండి గురించి చెప్పేంతవాణ్ణి కాను. పులిహోర మంచిది, సాయంత్రం దాకా ఉంటుంది. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. వేరుశనగ ఉండలు, అరటిపళ్ళు చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు కోతులకు బడి గంట లాంటిది. గుడ్డ సంచీలో, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాని తిరిగి ఇంటికే తెచ్చుకోండి. కాళ్ళకు పట్టీ ఉన్న, అడుగు గరుకుగా ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. ఇంట్లో వాడే రబ్బరు చెప్పులు పాచి మీద సబ్బుబిళ్ళలే.

తిరుగు వేళ అంటే చీకటి ఒక్కటే కాదు. అసలు భయం ఇంకొకటుంది. అది నీళ్ళు. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను.

మనవైపు వంక అంటాం, తెలంగాణలో వాగు అంటారు. పొద్దున మీరు దాటిన వంకా, సాయంత్రం మీరు దాటాల్సిన వంకా ఒకటే అనుకుంటాం. పేరు ఒకటే. నీళ్ళు ఒకటి కావు. మీ నెత్తిన చుక్క వాన పడకపోవచ్చు. పైన, కొండ వెనక, మీకు కనపడని చోట గంటసేపు కుండపోత కురిస్తే చాలు. కొండ అంతా తిరగేసిన గొడుగు లాంటిది. దాని మీద పడ్డ నీళ్ళన్నీ జారి ఈ ఒక్క వంకలోకే రావాలి.

2023 జులై 26న ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా అడవుల్లో ముత్యంధార జలపాతం చూడటానికి జనం వెళ్ళారు. వెళ్ళేటప్పుడు వాగు దాటే వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆ వాగు పొంగి దారి మూసేసింది. సుమారు 80 మంది అడవిలో చిక్కుకున్నారు. రాత్రి, చీకటి, వాన. ఫోన్లు పనిచేయబట్టి సాయం అడగగలిగారు. విపత్తు సహాయక దళాలు వెళ్ళి, తెల్లవారేలోపు వాళ్ళను బయటికి తీసుకొచ్చాయి. ఆ ఒక్క రోజులో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో కురిసిన వాన 649.8 మిల్లీమీటర్లు. తెలంగాణలో 24 గంటల్లో అంత వాన అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. నిలబెట్టి కొలిస్తే రెండడుగుల పైన నీళ్ళు, ఒక్క రోజులో.

వాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా? కాదు. మనలాంటివాళ్ళే. నీళ్ళు బాగా ఉన్నప్పుడే జలపాతం బాగుంటుందని వెళ్ళారు. ఆ మాటా నిజమే. కానీ జలపాతానికి మంచి రోజు వాన పడుతున్న రోజు కాదు. వాన వెలిసి ఒకటి రెండు రోజులైన రోజు. ధార నిండుగా ఉంటుంది, వంక తగ్గి ఉంటుంది. బయల్దేరే ముందు వాతావరణశాఖ హెచ్చరిక చూడండి. పొద్దున్నే ఈ రేడియోలోనే వస్తుంది, వినండి. ఆరెంజ్ అన్నా, రెడ్ అన్నా ఆ రోజు ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసుకోండి. పసుపు హెచ్చరిక ఉన్నా, వంకలు దాటే దారుల్లోకి పోకండి.

అడవిలో ఉండగా వంక మాట్లాడుతుంది. వినటం నేర్చుకోవాలి. తేటగా పారే నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగితే, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొస్తే, ధార చప్పుడు బరువెక్కితే, అప్పుడు గడియారం చూడకండి. అదే మీ తిరుగు వేళ. తిన్నా తినకపోయినా, స్నానం అయినా కాకపోయినా, పిల్లల్ని బయటికి లాగి గట్టెక్కండి. వంక అవతల చిక్కుకుంటే దాటే సాహసం చేయకండి. వేగంగా పారే నీళ్ళు జానెడు లోతున్నా పెద్ద మనిషిని పడగొడతాయి. మోకాలి లోతే కదా అంటాం. మోకాలి లోతు చెరువులో వేరు, వంకలో వేరు. ఎత్తైన చోట కూర్చోండి. 112కి ఫోన్ చేయండి. కొండ వంక ఎంత వేగంగా పొంగుతుందో, పైన వాన ఆగితే చాలాసార్లు అంత వేగంగానూ తగ్గుతుంది. ఆకలితో ఒక రాత్రి గడిపినవాళ్ళు మర్నాడు ఇంటికొచ్చి ఆ కథ చెప్తారు.

గుండం గురించి కూడా ఒక మాట. ధార కింద గుండంలో లోతెంతో పైనుంచి తెలియదు. నీటి కింద బండలుంటాయి. తలకోనలో అలా బండ మీంచి దూకి ప్రాణం పోగొట్టుకున్న చదువుకునే కుర్రాళ్ళున్నారు. మందు తాగి నీళ్ళలోకి దిగేవాళ్ళకు నా దగ్గర సలహా ఏమీ లేదు. వాళ్ళను తీసుకెళ్ళకండి. అంతే.

చీకటి వేళ అడవి మనది కాదు. ఈ మాట కవిత్వానికి అనటం లేదు. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో ఉంది. 1989లో జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కలే. గుండ్రటి కళ్ళ దేవాంగపిల్లి ఇక్కడుంది. బంగారురంగు బల్లి ఉంది. అవి మనల్నేం చేయవు. కానీ చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, ఏనుగులున్నాయి. 2025లో శివరాత్రికి తలకోన స్వామి దగ్గరికని రాత్రిపూట అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగుల మంద పడింది. కొందరు చనిపోయారు. భక్తితో వెళ్ళినవాళ్ళే పాపం. ఏనుగుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చీకట్లో దానికి దారి అడ్డమొచ్చిన మనుషులే కనపడతారు.

అందుకే అడవిశాఖ వాళ్ళు గేటు దగ్గర వేళలు పెడతారు. కొన్ని దారులు మూసేస్తారు. మనలో కొందరికి అది అధికారం చెలాయించినట్టు కనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. కానీ ఆలోచించండి. గేటు మూసే వేళ అంటే ఏమిటి? వాళ్ళు మనందరి తరఫునా వేసిపెట్టిన తిరుగు వేళే కదా. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. దారి తెరిచి ఉందా, నీళ్ళెలా ఉన్నాయి, ఎన్నింటికి మూస్తారు అని. పైకొండ దారుల్లోకి పోవాలంటే అనుమతి తీసుకుని, ఊరి మనిషిని తోడు తీసుకోండి. ఆయనకిచ్చే కూలి దండగ కాదు. ఆయన తిరుగుదామంటే తిరగండి. బస్సులో వెళ్ళేవాళ్ళు దిగిన వెంటనే కండక్టర్ని అడగాల్సిన మాట ఒకటే. వెనక్కి ఆఖరి బస్సు ఎన్నింటికి అని. అటువైపు బస్సులు తక్కువ. ఆ వేళను బట్టి మీ తిరుగు వేళ ఇంకా ముందుకు జరగొచ్చు.

ఇంతా చెప్తే, ఇన్ని లెక్కలేసుకుని వెళ్ళటంలో సరదా ఏముంది అని మా అబ్బాయే అడిగాడు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెప్తాను. ఆ మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు జలపాతం సరిగ్గా గుర్తులేదు. దిగటమే గుర్తుంది. తర్వాత రెండేళ్ళకి, ఈ లెక్క ప్రకారం వెళ్ళాం. పదకొండు దాటేసరికి నీళ్ళ దగ్గరున్నాం. అప్పటికి జనం ఇంకా రాలేదు. నడినెత్తికి వస్తున్న ఎండ ధార మీద పడి, తుంపరలో చిన్న ఇంద్రధనుస్సు కట్టింది. మా అక్క బండ మీద వీపు ఆనించి కూర్చుని, గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్కను ఎరిగినవాళ్ళకు అదెంత వింతో తెలుస్తుంది. ఒంటిగంటన్నరకు నా చేతి గడియారం మోగింది. పిల్లలు గోల చేశారు. బావగారే అందరికన్నా ముందు లేచి చెప్పులేసుకున్నారు. మోకాలికి జ్ఞాపకం ఉంది మరి. మేం దిగుతుంటే ఎక్కుతున్నవాళ్ళు ఎదురొచ్చారు. అప్పుడు రెండు గంటలవుతోంది. ఒకాయన చంకలో పసిబిడ్డ. "ఇంకెంత దూరమండీ?" అని అడిగాడు. దూరం చెప్పాను. దిగేదానికి టైము పెట్టుకున్నారా అని అడిగాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

చివరగా ఒక చిన్న పని అప్పజెప్తాను. ఈ ఆదివారం అడవికో జలపాతానికో వెళ్ళేవాళ్ళుంటే, శనివారం రాత్రే ఒక చీటీ రాయండి. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరెవరు, బండి నంబరు ఎంత, మీ తిరుగు వేళ ఎంత, ఎన్ని గంటల్లోపు ఇంటికి ఫోన్ చేస్తారు. కోనల్లో సెల్‌ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు. మీరు చేయలేని ఫోను మీ తరఫున ఇంకెవరో చేయాలి. ఆ చీటీని ఇంట్లో ఉండే మనిషి చేతికివ్వండి. ఫలానా వేళకి మా నుంచి ఫోన్ రాకపోతే 112కి చెప్పు అని నోటితో కూడా చెప్పండి. కిందికి దిగి సిగ్నలు అందగానే, కాఫీ కన్నా ముందు, ఆ ఫోన్ చేయండి.